మూకీ మాష్టారు, సోలెడు బియ్యం

మూకీ మాష్టారు పోయిన నెలకి ఆయన శిష్యుడొకాయన మా ఇంటికొచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం. నాటకాల్లో పోలీసు వేషాలు వేస్తుంటాడు. మాష్టారి జ్ఞాపకంగా ఏదో సంచిక వేస్తున్నారట.

"మీ మేడగదిలోనే కదండీ మేమంతా నేర్చుకుంది. మీరో రెండు మాటలు రాసివ్వాలండి," అన్నాడు.

నేను చదివింది అయిదో తరగతి. అది కూడా సగంలో మానిపించారు. గొప్పగా రాయడం నాకు చేతకాదయ్యా అన్నాను.

"మాష్టారు ఎప్పుడూ గొప్పగా చెయ్యమనేవారు కాదండి. చూసింది చూసినట్టు చెయ్యమనేవారు," అన్నాడు.

సరే. అయితే చూసింది చూసినట్టే రాస్తాను. వేసుకుంటే వేసుకోండి. వద్దనుకుంటే కాయితాలు తిరిగిచ్చెయ్యండి, వెనకవైపు తెల్లగానే ఉన్నాయి, సరుకుల చీటీలకి పనికొస్తాయి.

మాష్టారంటే ఆయన బడిపంతులు కాదు. ఇక్కడే ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు వదలగానే నాటకాలు నేర్పేవారు. సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకు చాపి నడిచేవారు, గేదె గడ్డివాము వైపు నడిచినట్టు. గుమ్మం బయట చెప్పులు విడిచి, రెండూ దగ్గరికి జరిపి, గోడకి ఆనించి మరీ లోపలికొచ్చేవారు. ఎవరితో మాట్లాడుతున్నా మొహంలోకి చూసే అలవాటు లేదు. చేతులు చూసేవారు. మొదట్లో నేను తప్పుగా అనుకున్నాను. ఈయనేంటి, నా గాజులు లెక్కపెడుతున్నాడా అని మా వారితో అన్నాను కూడా.

"అందరివీ అలాగే చూస్తాడే. నా చేతులూ చూశాడు. తక్కెడ పట్టుకునే చేతికీ, మామూలు చేతికీ తేడా ఉంటుందన్నాడు," అన్నారాయన. మాది పచారీ కొట్టు. మా వారికి ఆ మాట తెగ నచ్చింది. ఆ నచ్చడంలోనే మేడగది ఇచ్చేశారు.

మేడగది ఇచ్చింది మా వారు, షరతులు పెట్టింది నేను. నలభై బల్బు తప్ప పెద్ద బల్బు వెయ్యకూడదు. ఫ్యాను వెయ్యకూడదు. ఎనిమిదింటికి తాళం నా చేతికి రావాలి. వెళ్ళేటప్పుడు ఎవరు చిమ్మకపోయినా మాష్టారే చిమ్మాలి, ఎందుకంటే మిగతావాళ్ళు మూలలు వదిలేస్తారు. అన్నిటికీ "అలాగేనండి" అన్నారు. ఆయన చిమ్మినట్టు ఈ ఇంట్లో ఇంకెవరూ చిమ్మలేదు, నేను తప్ప.

కాఫీ మాట నేను ఎత్తలేదు. పదిమందికి కాఫీలంటే మాటలా. నాలుగో రోజో అయిదో రోజో బట్టలు తీసుకురావడానికి మేడ మీదకి వెళ్ళాను. గది తలుపు తీసే ఉంది. మాష్టారు బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. వేడిగా ఉన్నట్టుంది, గ్లాసు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, ఇటు చెయ్యి అటు మార్చుకుని ఊదుకుంటున్నారు. ఎవరి గిన్నెలో పాలు తీసి పెట్టారు ఈ కాఫీ అని నాకు కోపం వచ్చింది. గుమ్మంలోకెళ్ళి చూద్దును గదా, ఆయన చేతిలో గ్లాసే లేదు.

అటూ ఇటూ కూర్చున్న కుర్రకారంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆయన ఆఖరి గుక్క తాగి, లేని గ్లాసు కింద పెట్టి, నా వైపు తిరిగి చేతులు జోడించారు.

"మీ ఇంటి కాఫీ చాలా బాగుందండి, అమ్మగారూ. పంచదార ఒక్క పిసరు తగ్గింది."

అందరూ నవ్వారు. అందులో మా రెండోవాడు కూడా ఉన్నాడు. నేను నవ్వలేదు గాని, మర్నాటి నుంచి ఆయనొక్కడికీ కాఫీ పంపించాను. పంచదార ఒక్క పిసరు తగ్గించే పంపించాను.

ఊళ్ళో పద్యాలు పాడే పాత నటులు ఆయనకి మూకీ మాష్టారని పేరు పెట్టారు. ఆయన దగ్గర చేరినవాడికి మొదటి రెండు నెలలూ ఒక్క మాట కూడా ఇచ్చేవారు కాదు. నీళ్ళు అంచుదాకా నింపిన బిందె పట్టుకుని మెట్లెక్కమనేవారు. చుక్క ఒలికితే మళ్ళీ కిందకి. తరవాత ఖాళీ బిందె ఇచ్చి, నిండుగా ఉన్నట్టు ఎక్కమనేవారు. అప్పుడు కూడా "ఒలికిందండి, మళ్ళీ దిగండి" అనేవారు. ఖాళీ బిందెలో ఏం ఒలుకుతుందో ఆయనకే తెలియాలి.

ఒకసారి అందర్నీ రేవులోకి పంపించారు. చేపలమ్మే ఆవిడ తట్ట దించేటప్పుడు ముందు ఏ మోకాలు వంగుతుందో చూసి రమ్మన్నారు. సాయంత్రం వచ్చి ఒకడు కుడి అన్నాడు, ఒకడు ఎడమ అన్నాడు, ఒకడు రెండూ అన్నాడు.

"మీరంతా చేపల్ని చూసొచ్చారు. రేపు మళ్ళీ వెళ్ళండి," అన్నారు.

మెట్ల కింద పప్పు బాగు చేసుకుంటూ నేను అన్నీ వినేదాన్ని. ఆయన రోజుకి పదిసార్లు అనే మాట ఒకటుంది. "నోరు అబద్ధమాడుతుందండి. మొహం కూడా ఆడుతుంది. చేతులకి అబద్ధం రాదు." పాత నటుడొకాయన మా కొట్టుకొచ్చి దీని మీద ఎన్ని వేళాకోళాలు ఆడేవాడో. "రాగం తీస్తే ఒన్సుమోరులు పడాలి గాని, తట్ట దించితే ఎవడు చూస్తాడయ్యా? రేవుకెళ్తే ఊరికే చూడొచ్చు," అనేవాడు. మా వారు నవ్వేవారు. నాకు మాత్రం మాష్టారి మాటే సబబుగా తోచేది. జీవితమంతా చేతులతో బతికినదాన్ని. నోటితో బతికినవాళ్ళని చూస్తే నాకు మొదట్నించీ గిట్టదు.

మా రెండోవాడికి అప్పుడు ఇరవై మూడేళ్ళు. కొట్లో కూర్చోమంటే కూర్చునేవాడు గాని, ఖాళీ గోనెసంచి భుజానికెత్తుకుని బరువుతో వంగి నడిచేవాడు. కొనడానికొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుంటే పకపకా నవ్వేవాడు. ఇంట్లో అన్నానికి కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టకుండానే గాల్లో ముద్ద కలిపి నోట్లో పెట్టుకునేవాడు.

"ఉన్న అన్నం తినరా ముందు. లేని అన్నం తరవాత తిందువుగాని," అన్నాను ఒకరోజు.

ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

వాడే ఒకసారి వంటింట్లోకొచ్చి, "అమ్మా, మాష్టారు నీ చేతులు చూసి నేర్చుకోమన్నారే. నువ్వు చెరిగితే ఒక్క గింజ కింద పడదట," అన్నాడు. పైకి కసిరాను. లోపల మాత్రం పొంగిపోయాను. నిజం ఎందుకు దాచాలి. నన్ను ఎవరో చూసి బాగుందనడం అదే మొదలు.

కొత్త బ్యారేజీ కడుతున్న రోజులవి. గట్టు మీద ఎప్పుడు చూసినా రాళ్ళు తోలే లారీలే. ఒకనాడు పొద్దున్న పదిన్నర వేళ నేను వంటింట్లో బియ్యం ఏరుతున్నాను. పొయ్యి మీద ఎసరు పెట్టాను. మా లెక్క మగవాళ్ళకి తలకి సోలెడు, నాకు అరసోల. మా వారు, పెద్దవాడు, రెండోవాడు, నేను. మూడున్నర సోలలు చేటలో ఉన్నాయి.

మాష్టారు వచ్చారు. ఆఫీసు వేళ ఈయనేంటి అనుకున్నాను. చెప్పులు విడవడం మర్చిపోయారు. వంటింటి గుమ్మం దాకా చెప్పులతోనే వచ్చేశారు.

"అమ్మగారూ. అబ్బాయి గట్టు మీద సైకిలు జారి పడ్డాడండి. వెనక లారీ వస్తోంది."

అక్కడితో ఆపేశారు. దెబ్బలు తగిలాయా అని నేను అడగలేదు. దెబ్బలే అయితే ఆయన అక్కడ ఆపరు.

తరవాత నేను చేసింది ఇది. పక్కనున్న ఇత్తడి సోల తీసుకుని చేటలో బియ్యంతో నింపాను. పైన అరచేత్తో రాసి చదును చేశాను. డబ్బా మూత తీసి ఆ సోలెడూ అందులో పోసేశాను. మూత పెట్టాను. అప్పుడు పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి నీళ్ళు చల్లాను. "ఎక్కడున్నాడు?" అని అడిగాను.

అది వాడి సోలెడు. ఆ పూట మా ఇంట పొయ్యే వెలగదనీ, మిగిలిన రెండున్నర సోలలు కూడా ఎవరూ తినరనీ నాకు తోచలేదు. ఒక మనిషి తగ్గాడు, ఒక సోల తగ్గించాలి. చేతికి అంతవరకే తెలిసింది.

ఇదంతా చూసింది మాష్టారొక్కరే. మా తోడికోడలు పక్కింట్లోనే ఉంటుంది. వీధిలో కేకలు విని పరిగెత్తుకొచ్చేసరికి నా చెయ్యి డబ్బా మూత మీదుంది. ఆవిడ చూసింది అదే.

నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు రాలేదు, తరవాత పదిరోజులూ రాలేదు. అది నా చేతిలో ఉన్న పని కాదు. మా తోడికోడలు మాత్రం వీధి చివరికి వినపడేలా ఏడ్చింది. ఏడుపు తెరిపిచ్చినప్పుడల్లా వచ్చినవాళ్ళకి చెప్పుకుంది. "కొడుకు పోయాడని కబురొస్తే మా అక్క ఏం చేసిందనుకున్నారు? బియ్యం డబ్బాలో పోసి దాచుకుందమ్మా. వచ్చినవాళ్ళకి వండి పెట్టాల్సొస్తుందని."

అందరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? నేను పిసినారినని ఊరందరికీ తెలుసు. కరివేపాకు రెమ్మ అడిగితే ఆకులు దూసిస్తాను, పుల్ల కూడా ఇవ్వనని వేళాకోళం. అలాంటిదాని మీద ఏ మాట వేసినా అతుక్కుంటుంది. బియ్యం దాచిన తల్లి అనే పేరు పడింది. నీళ్ళ కుళాయి దగ్గర నేను వెళ్ళగానే మాటలు ఆగిపోయేవి.

నువ్వే చెప్పుకోవచ్చు గదా అంటారు. తల్లి తన కడుపుకోతకి తనే సాక్ష్యం చెప్పుకోవాలా? చెప్పినా ఎవరు వింటారు? చూసినవాడొకడున్నాడు, ఆయన చెబుతాడులే అనుకున్నాను.

పెద్దకర్మ రోజు మాష్టారు వచ్చారు. పందిట్లో కూర్చున్నారు. ఆయనకి రెండు బారల దూరంలో మా తోడికోడలు ఆ కథే మా మేనత్త కూతురికి మళ్ళీ చెబుతోంది. దాచుకుందమ్మా అన్న మాట నాకే వినపడింది, ఆయనకి వినపడకుండా ఎలా ఉంటుంది? నేను ఆయన వైపు చూశాను. ఒక్క మాట చాలు. "కాదండి, అది అబ్బాయి వాటా. నేను చూశాను," అంటే అయిపోతుంది. ఆయన తలొంచుకుని తన అరచేతులు చూసుకున్నారు. కాసేపటికి లేచి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

బాధపడుతున్నారనుకున్నాను. మంచివాళ్ళకి ఒక్కోసారి నోరు పెగలదు. అలా సరిపెట్టుకున్నాను.

ఏడాది తిరక్కుండా మేడగదిలో మళ్ళీ నాటకం మొదలైంది. నాటక పరిషత్తు పోటీలకట. వద్దనమని పెద్దవాడన్నాడు గాని నేనే ఉండనీ అన్నాను. పైన అడుగుల చప్పుడుంటే ఇల్లు కాస్త ఇల్లులా ఉండేది. ఆడవేషానికి రాజమండ్రి నుంచి ఒకావిడ వచ్చేది. నాటకాలాడి తల్లిని, చెల్లెళ్ళని పోషించుకునే మనిషి. ముప్ఫై దాటి ఉండవు, ముసలి తల్లి వేషాలు వేసేది. సాయంత్రం బస్సు తొందరగా వస్తే సరాసరి వంటింట్లోకొచ్చి గడప మీద కూర్చునేది.

"ఏదైనా పనుంటే ఇవ్వండి పిన్నిగారూ, ఊరికే కూర్చోలేను," అనేది.

చేట ఇస్తే బియ్యం ఏరేది. చేతులు బాగా మెత్తన, పని రాదు. నేనే నేర్పాను. రాయి ఎలా కనపడుతుందో, చేట ఎంత వంచాలో చూపించాను. ఒకరోజు అడిగింది.

"రోజూ ఎంతమందికి వండుతారండి?"

"ముగ్గురికి."

"కొలత ఎలాగండి?"

మగవాళ్ళకి సోలెడు, నాకు అరసోల అని చెప్పాను. ఊళ్ళో నా గురించి అంటున్న మాట ఆ మనిషికి కూడా తెలిసే ఉంటుంది. అయినా దాని ఊసెత్తలేదు. నా ఎదురుగా కూర్చుని బియ్యం పేరెత్తిన మనిషి ఏడాదిలో ఆవిడొక్కతే. అందుకు ఆవిడంటే నాకు ఇష్టం కలిగింది. వెళ్ళేటప్పుడు ఆవకాయ కట్టిచ్చాను. నేను ఆవకాయ ఊరికే ఎవరికీ ఇవ్వను.

పోటీలు రాజమండ్రిలో జరిగాయి. మాష్టారు స్వయంగా వచ్చి పిలిచారు. నేను రానన్నాను. అక్కడే వింటున్న మా తోడికోడలు, "పోదాం పద అక్కా, నీకూ కాస్త మనసు మారుతుంది," అని పట్టుపట్టింది. మా వారు, నేను, ఆవిడ బస్సెక్కాం. హాలు నిండిపోయింది. మాకు మూడో వరసలో చోటు దొరికింది.

నాటకంలో ఒక పేద ఇల్లు. కొడుకు పొద్దున్నే పనికి వెళ్తాడు. తల్లి చేట ముందేసుకుని బియ్యం ఏరుతుంటుంది. ఆ చేట వంచడం చూసి, అమ్మయ్య, నేర్చుకుందే అని నేను సంతోషపడ్డాను కూడా. అంత తెలివితక్కువదాన్ని. ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడి కబురు చెప్పాడు. తల్లి పక్కనున్న సోల తీసింది.

లేచిపోదామనుకున్నాను గాని వరస మధ్యలో ఇరుక్కుని ఉన్నాను.

ఆవిడ సోల నింపింది. డబ్బా మూత తీసి పోసింది. మూత పెట్టి, మూత మీద చెయ్యి ఉంచింది. అప్పుడు ఆ గుమ్మంలో నిలబడ్డవాడు మెల్లిగా అన్నాడు. "అది వాడి వాటా కదమ్మా."

అంతే. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. వెనక ఎవరో మగమనిషి వెక్కుతున్నాడు. నా పక్కన మా తోడికోడలు నోట్లో కొంగు కుక్కుకుని కుళ్ళి కుళ్ళి ఏడుస్తోంది. ఆ ఒక్క మాట. నా కోసం పందిట్లో చెప్పాల్సిన ఆ ఒక్క మాట, ఏడాది పాటు దాచి, మాష్టారు అక్కడ పెట్టారు.

ఉత్తమ నటి బహుమతి ఆవిడకొచ్చింది. ఉత్తమ ప్రదర్శన కూడా వాళ్ళదే. మైకు ముందు ఎవరో పెద్దమనిషి, ఆ బియ్యం ఘట్టం మీకెలా తట్టిందండీ అని మాష్టారిని అడిగాడు. మాష్టారు చేతులు జోడించి, "ఏదో, తట్టిందండి," అన్నారు. నేనున్న వరస వైపు చూడలేదు. ఆ నటి మాత్రం మొహానికి రంగుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఎలా చేశాను పిన్నిగారూ?"

ఆ కళ్ళు చూస్తే తెలిసిపోయింది, ఈ మనిషికి ఏమీ తెలియదని. చేతులు చూసి రమ్మన్నారు, చూసింది. ఎందుకో ఆయన చెప్పలేదు.

"బాగా చేశావమ్మా," అన్నాను.

తిరుగు బస్సులో మా తోడికోడలు ముక్కు చీదుతూనే ఉంది. "ఆ తల్లిని చూశావా అక్కా? నా కడుపు తరుక్కుపోయిందనుకో. పిచ్చిది, కొడుకు వాటా తీసి పెట్టుకుందే!" కొంగుతో ముక్కు తుడుచుకుని అంది. "ఇదెక్కడో చూసినట్టే ఉంది నాకు."

"ఎక్కడ?" అన్నాను.

ఆలోచించింది. "ఏదో సినిమాలో అయ్యుంటుంది," అంది.

మర్నాడు ఆదివారం. నేను మాష్టారింటికి వెళ్ళాను. పెళ్ళయ్యాక మగవాళ్ళెవరూ తోడు లేకుండా ఒకరి గడప తొక్కడం నాకు అదే మొదలు. రెండు గదుల అద్దె ఇల్లు. బీరువా మీద కప్పులు, షీల్డులు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. ఆయన భార్య కుర్చీ వేసి, నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"ఆ రోజు మీరు చూశారు గదండీ," అన్నాను.

"చూశానండి."

"అది వాడి వాటా అని మీకు తెలుసు."

"తెలుసండి. చూడగానే తెలిసింది."

"మరి పందిట్లో ఎందుకు నోరు విప్పలేదు?"

ఆయన నా చేతులు చూశారు. "నోటిదాకా వచ్చిందండి, అమ్మగారూ. అప్పుడే చెప్పేస్తే అదొక మాటై పోతుంది. నలుగురూ అయ్యో అని మర్చిపోతారు. ముప్ఫై ఏళ్ళుగా అలాంటిది ఒక్కటి చూద్దామని తిరుగుతున్నానండి. నటుడనేవాడు దొంగండి. దొరికిన చోటల్లా ఎత్తుకుపోతాడు."

"దొంగతనం సంగతి అడగడానికి రాలేదు నేను. మీరు ఎత్తుకుపోయింది మీరే ఉంచుకోండి. ఊళ్ళో నన్ను దొంగంటున్నారు. మా తోడికోడలికి ఒక్కదానికి చెప్పండి చాలు. రేపు కొట్టు దగ్గరికొచ్చి చెప్పండి."

"హాల్లో ఆవిడ అంతలా ఏడ్చారు గదండీ. మీ కోసం ఏడ్చినట్టే కదా?"

"నా కోసం ఏడ్చేవాళ్ళు నా గుమ్మంలోకొచ్చి ఏడుస్తారు మాష్టారూ. కుర్చీల్లో కూర్చుని కాదు."

ఆయన గొంతు తగ్గించి, ఇంకా నాలుగు పరిషత్తులున్నాయండి అన్నారు. భీమవరం, కాకినాడ, ఇంకా ఏవో. ఇప్పుడు ఈ సంగతి బయటపడితే జనం మిమ్మల్ని చూస్తారు గాని ఆవిణ్ణి చూడరు, సీను చచ్చిపోతుందన్నారు. ఇవి అయిపోగానే తనే వచ్చి, మా తోడికోడలినీ, మా వాళ్ళందర్నీ కూర్చోబెట్టి చెబుతానన్నారు. నేను లేచాను. గుమ్మం దాటుతుండగా పిలిచారు.

"అమ్మగారూ, చిన్న సందేహం. ఆవిడ సోల గోపురంగా నింపి అలాగే పోసేస్తోందండి. నాకెందుకో నప్పట్లేదు. మీరు ఆ రోజు..."

నేను చెప్పకూడదు. నోరు మూసుకుని మెట్లు దిగాల్సింది. కాని కొలత తప్పుగా కొలుస్తుంటే ఊరుకోవడం నా వల్ల కాదు.

"పైన చేత్తో రాసి చదును చెయ్యాలి," అన్నాను.

"అదీ!" అన్నారాయన. ఆయన చెయ్యి అప్పుడే గాల్లో సోల మీద రాస్తోంది.

భీమవరంలో అలాగే చేసిందని, జనం లేచి నిలబడ్డారని తరవాత విన్నాను. నాలుగు పరిషత్తులూ అయ్యాయి. మళ్ళీ ఏడు ఇంకో నాలుగు. ఆయన రాలేదు. మేడగదికి తాళం వేసేశాను. తాళం అడగడానికి కూడా ఆయన రాలేదు, చిమ్మే చీపురు మాత్రం అక్కడే ఉండిపోయింది. వీధిలో ఎదురుపడితే సైకిలు దిగి, తలొంచుకుని, నా చేతులకి నమస్కారం పెట్టి వెళ్ళేవారు. మా వారు పోయారు. పెద్దవాడికి పెళ్ళై మనవరాళ్ళు పుట్టారు. మా తోడికోడలు వాళ్ళకి కూడా ఆ కథ చెప్పింది. "మీ నాయనమ్మ బియ్యం దాచుకుందర్రా" అని. పెద్ద మనవరాలు వచ్చి నన్నే అడిగింది, నిజమేనా నాయనమ్మా అని.

ఆయన రిటైరైన రెండో ఏడు పొద్దుటిపూట గుండె ఆగి పోయారు. వెళ్ళాలా వద్దా అని వాకిట్లో కాసేపు నిలబడ్డాను. చావింటికి వెళ్ళడానికి లెక్కలు చూడకూడదని వెళ్ళాను.

ఇల్లంతా శిష్యులే. ఏడుస్తున్నారు. అబద్ధం ఏడుపని నేననను. కాని ఎవరికెలా నేర్పారో అలాగే ఏడుస్తున్నారు. ఒకడు గోడకి వీపు ఆనించి మెల్లిగా జారి కూలబడ్డాడు. ఒకడు ఆయన చెప్పులు తెచ్చి, రెండూ దగ్గరికి జరిపి గోడకి ఆనించాడు. ఆయన భార్య ఒక మూల కూర్చుని ఉంది. కళ్ళలో తడి లేదు. ఉన్నట్టుండి లేచింది. ఆవిడ చేతులు ఒక పని మొదలుపెట్టాయి.

పక్కనున్న ఆడవాళ్ళలో ఒకావిడ బుగ్గ నొక్కుకుంది. "చోద్యం! మొగుడి శవం పెట్టుకుని ఇప్పుడు అదేం పనమ్మా?"

అప్పుడు చూశాను. స్తంభం దగ్గర ఒక మనిషి ఏడవడం మానేశాడు. మెడ కాస్త ముందుకు చాపి, కళ్ళార్పకుండా ఆవిడ చేతులకేసి చూస్తున్నాడు.

నేను వెళ్ళి ఆవిడకీ అతనికీ మధ్య అడ్డంగా నిలబడ్డాను. ఒళ్ళున్నదాన్ని, బాగానే అడ్డం వస్తాను. "అటు తిరగవయ్యా," అన్నాను. తిరిగాడు. తరవాత వంగి ఆవిణ్ణి చెవిలో అడిగాను, ఏంటమ్మా అది, ఎందుకు అని. మాష్టారు నన్ను ఏనాడూ అడగలేదు. చూశారంతే. ఆవిడ చెప్పింది. చెప్పడంతోనే నా భుజం మీద పడి ఏడ్చింది. నేను తల తిప్పి, ఆ చోద్యమన్న మనిషికీ, పక్కనున్న నలుగురికీ అందరికీ వినపడేలా చెప్పాను, ఆవిడ చేస్తున్నదేంటో, ఎవరి కోసమో. చెప్పాల్సిన చోటు అదే, చెప్పాల్సిన వేళ అదే. దానికి నాలుగు పరిషత్తులు ఆగక్కర్లేదు. బుగ్గ నొక్కుకున్నావిడ చెయ్యి దించేసింది.

అదేంటో ఇక్కడ రాయను. మీ సంచికకి అది దొరకదు.

రెండు మాటలు రాసిమ్మని వచ్చిన బ్యాంకాయన అన్నీ మాట్లాడుకున్నాక కూడా లేవలేదు. గుమ్మం వైపు చూసి, నేల వైపు చూసి, చివరికి అడిగాడు.

"ఆ రోజు మాష్టారి భార్యగారు ఏదో చేశారండి. మీరు అడ్డం వచ్చేశారు, నాకు కనపళ్ళేదు. ఏంటండి అది?"

"దేనికయ్యా?"

"ఊరికేనండి," అన్నాడు.

అతని చూపు నా చేతుల మీదుంది. రెండు చేతులూ కొంగు కిందకి లాక్కుని, కాఫీ తాగి వెళ్ళమన్నాను.